ఇక్కడ మనుషులున్నారు

మూడో వరుసలో ఒక ఊపిరిగొట్టానికి మళ్ళీ జనపనార పీచు అడ్డం పడింది. పోలమ్మ మోకాళ్ళ మీద వంగి, చిటికెనవేలికి తడిగుడ్డ చుట్టి, గొట్టం మూతిలో తిప్పి పీచును బయటికి లాగింది. గొట్టం దగ్గినట్టు ఒకసారి అదిరి, చల్లగా ఊదడం మొదలుపెట్టింది. పీట అంచున తెల్లదీపం వెలిగింది. ఖాళీ.

ఈ చలువశాల ఒకప్పుడు జూట్ మిల్లు గోదాము. గోనెలు నేసిన మగ్గాలు పాతసామాన్ల కింద పోయి చాలాకాలమైంది. దూలాల మీద నుంచి పీచు మాత్రం ఇప్పటికీ రాలుతూనే ఉంటుంది. పొద్దున్నే శాల కాపరిగా పోలమ్మ చేయాల్సిన మొదటి పని గొట్టాలన్నీ ఊదుతున్నాయో లేదో చూడడం. రెండోది, పీటల కింద నుంచి నడవలోకి వేడిని కక్కే రంధ్రాలు తుడవడం. పీట తన మీద కూర్చున్నవాళ్ళకు చల్లదనం ఇచ్చి, వేడినంతా నడవలోకి తోస్తుంది. అందుకే మండుపొద్దు మొదలయ్యాక నడవలో ఎవరూ నిలబడరు. నిలబడితే కాసేపటికే కళ్ళు తిరుగుతాయి. ఇంకాసేపు నిలబడితే లేవరు.

ఆఖరి పని గడప తుడవడం. పీటలకు వేసిన పలకే గడపకూ వేశారు. దాటి లోపలికి వచ్చే ప్రతి మనిషినీ అది తెలుసుకుంటుంది. దాని పైన, ఇంటి కప్పంత ఎత్తున, చుట్టచుట్టుకుని ఇనుపరేకు వేలాడుతూ ఉంటుంది. శాల నిండితే ఆ రేకు దిగి వచ్చి గడప మీద కూర్చుంటుంది. ఒకసారి నిండిందని దిగడం మొదలైతే, తర్వాత ఖాళీలు వచ్చినా మళ్ళీ లేచేది సాయంత్రమే.

పోలమ్మ గడప తుడిచి, నడుముకు చుట్టుకున్న గళ్ళ తువ్వాలుతో మొహం ఒత్తుకుంది. ఆ తువ్వాలు చూసి మళ్ళీ పొద్దుటి మాటలు గుర్తొచ్చాయి.

"ఒక్క తువ్వాలేసి ఉంచితే నీ సొమ్మేటి పోద్దత్తా?" అంది కోడలు నీలవేణి, కాళ్ళకు గోనెపట్టాలు కట్టుకుంటూ. "ఊరంతా ఏసుకుంతన్నారు. ఉప్పుమళ్ళ కాడ్నించి పరిగెత్తుకొచ్చి, రోజూ ఆఖరి పీట కోసం కాట్లాడుకోవాల్నా?"

"నాను కాపర్నే. నా చేత్తో నాను నా ఇంటోళ్ళకి చోటు పట్టుకుంటే రేపు ఊరి నోరు ఎవలు మూత్తారు? నువ్వే పెందరాళే రా."

"మేస్త్రీకి సెప్పు, పెందరాళే వదలమని." నీలవేణి ఆ తువ్వాలును దండెం మీద నుంచి లాగి అత్త ఒళ్ళోకి విసిరింది. "నీ కొడుకుది. నువ్వే ఉంచుకో. కాపరమ్మ నీతికి గుర్తుగా."

గంజి తాగకుండానే వెళ్ళిపోయింది.

కొడుకు సింహాద్రి ఉప్పుమళ్ళలోనే పోయాడు, రెండు ఎండల కిందట. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరే. ఒకరినొకరు తిట్టుకునేది ఆ ఇద్దరే, ఒకరి కోసం ఒకరు కూడు మూతపెట్టుకునేదీ ఆ ఇద్దరే.

మొదటి కొమ్ము మోగింది. ఇంకా ఎండ ముదరలేదు. అయినా జనం గడప ముందు అప్పటికే మూగి ఉన్నారు. లోపలికి వస్తూనే చేతుల్లో మడతలు విప్పారు. తువ్వాళ్ళు, కండువాలు, చిరిగిన లంగాలు, పిల్లల చొక్కాలు. గాలిలో ఎగిరి పీటల మీద పడుతున్నాయి. గుడ్డ పడిన ప్రతి పీటా ఒకే గొంతుతో అడుగుతుంది.

"వస్తున్నారా?"

"వస్తున్నారు," అని ఎవరో ఒకరు చెబుతారు. తెల్లదీపం పసుపుదీపం అవుతుంది. మనిషి వచ్చి కూర్చుంటే ఎర్రదీపం. శాల నిండిందా లేదా అని చూసేటప్పుడు, రేకును దించే యంత్రం తలుపరికి పసుపూ ఎరుపూ ఒకటే.

భద్రంనాయుడు ఎప్పటిలాగే గోడవార వరుసంతా కప్పేశాడు. ఒకప్పుడు లారీలు తిప్పినవాడు. ఇప్పుడు లారీలూ లేవు, తిప్పడానికి రోడ్లూ మిగల్లేదు. చేతిలో తువ్వాళ్ళ కట్ట మాత్రం మిగిలింది. మధ్య పీట మీద కూర్చుని కాళ్ళు పక్క పీట మీదికి చాపాడు.

"ఏటి పోలమ్మా, గాలి బాగా ఊదతందా?"

"ఇయ్యన్నీ ఎవలికి బావూ?"

"మా బావమరుదులకి. వొచ్చెత్తన్నారు."

"నిన్నా వొచ్చెత్తన్నారన్నావు."

"నిన్నా వొచ్చెత్తన్నారు, ఇయ్యాలా వొచ్చెత్తన్నారు. వొచ్చీవోళ్ళని రావొద్దంతావేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో అందరికీ వాటా ఉంది. ప్రతివాళ్ళ పక్కనా ఒక పసుపుదీపం ఉంది మరి.

రెండో వరుస మొదట్లో సత్యవేణమ్మ తన పీట పక్క పీట మీద కుండ పెట్టి, దాని మీద జరీ అంచు ఉత్తరీయం కప్పింది. "వస్తున్నారా?" అని పీట అడిగితే "వస్తున్నారు నాయనా," అని మర్యాదగా జవాబిచ్చింది.

"అందులో ఏటమ్మా?" అడిగింది పోలమ్మ.

"పెరుగే. ఇంట్లో ఉంచితే మధ్యాహ్నానికి విషంలా పులిసిపోతోంది. మనవలు ముద్ద ముట్టరు."

"పెరుక్కి కూడా పీటేనా తల్లీ?"

"దానికీ ప్రాణం ఉంటుందే. పాలు తోడుకోవడం అంటే ఏమనుకున్నావ్?" అంటూ సత్యవేణమ్మ గిన్నెలో పసుపు కలుపుకుని గడప దగ్గరికి నడిచింది. వారానికోసారి ఆమె ఆ గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. పిల్లలెవరైనా గడప తొక్కబోతే చెవి మెలిపెడుతుంది. ఆ ఊళ్ళో గడప తొక్కినవాళ్ళు లేరు. దాని మీద కూర్చున్నవాళ్ళు అంతకన్నా లేరు.

పోలమ్మ తన పీట మీద కూర్చుని రోడ్డు వైపు చూసింది.

గుడ్డధర్మం మొదట్లో మంచికే వచ్చింది. చలువశాలలు కట్టిన తొలి ఎండల్లో, నడవలేని తల్లిని తీసుకురావడానికి లేచి వెళ్ళినవాడికి తిరిగి వచ్చేసరికి పీట ఉండేది కాదు. తువ్వాలు వేసి వెళితే ఎవరో తీసి అవతల పడేసేవారు. ఒక శాలలో అలాంటి తువ్వాలు దగ్గర మొదలైన గొడవ కత్తుల దాకా పోయింది. మండుపొద్దు అయ్యాక రేకు లేస్తే లోపల ప్రాణం లేక చల్లగా పడి ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ తర్వాతే పీటలకు గుడ్డను గౌరవించడం నేర్పారు. వేసిన చేతి వేడిని పీట గుర్తుపెట్టుకుంటుంది. ఆ చెయ్యే తీయాలి. వేరే చెయ్యి తీస్తే ఆ చేతికి ఇక ఏ శాలలోనూ చోటు ఉండదు. ఊళ్ళో శాలలన్నిటికీ బుద్ధి ఒక్కటే. ఇక్కడ తెలిసింది అంతటా తెలుస్తుంది.

కన్నయ్య మాస్టారు పోయిన ఎండలో ఒక తువ్వాలు తీశాడు. ఆయాసంతో ఎగరొప్పుతున్న పిల్లను ఆ పీట మీద కూర్చోబెట్టాడు. తువ్వాలు వేసినవాళ్ళు ఆ రోజంతా రానేలేదు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. మర్నాడు ఆయన గడప దాటబోగానే రేకు దిగడం మొదలైంది. ఆయన వెనక్కి తగ్గితే పైకి లేచింది. మళ్ళీ దాటబోతే మళ్ళీ దిగింది. "నా మూలాన మీరంతా బయట ఆగిపోతన్నారు. ఎల్లండమ్మా, ఎల్లండి," అని ఆయనే పక్కకు తప్పుకున్నాడు. జనం తల వంచుకుని లోపలికి వెళ్ళారు. పోలమ్మ కూడా. సాయంత్రం రేకు లేచాక శాల తూర్పుగోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కండువా మడిచి ఒళ్ళో పెట్టుకుని. ఆ గోడ వైపు పోలమ్మ ఇప్పటికీ చూడదు.

రెండో కొమ్ము మోగింది.

ఎండ రంగు మారింది. గడప అవతల నేల మీద గాలి నీళ్ళలా కదులుతోంది. ఎదురుగా కరెంటు తీగ మీద ఒక్క కాకి కూడా లేదు. ఉప్పుమళ్ళవాళ్ళను తెచ్చే నీడబండి ఈపాటికి రావాలి. పోలమ్మ వెనక్కి తిరిగి దీపాలు చూసింది. తెల్లవి అక్కడక్కడా కొన్నే. పసుపు ఎక్కడ చూసినా పసుపే. ఎవరూ లేని పీటల మీద గొట్టాలు శ్రద్ధగా ఊదుతున్నాయి. తువ్వాళ్ళ అంచులు ఆ చల్లగాలికి సుఖంగా ఊగుతున్నాయి.

మలుపు దగ్గర నీడబండి కనిపించింది. పోలమ్మకు ఊపిరి వచ్చింది. కానీ బండి శాల దగ్గర ఆగలేదు. దాని కిటికీల్లో నుంచి మంచాల కోళ్ళు, బియ్యం బస్తాలు, చుట్టిన పరుపులు కనిపించాయి. మనుషులు లేరు. బండి మేస్త్రీల మేడల వైపు తిరిగిపోయింది.

పోలమ్మ పీట అంచుకు జరిగి, మెడ చాచి గట్టు వైపు చూసింది.

అప్పుడే ఇంకొక కుటుంబం పరుగున వచ్చింది. తండ్రి లోపలికి వస్తూనే పిల్లల్ని కూర్చోబెట్టి, మిగిలిన తెల్లదీపాల మీదకల్లా ఏది చేతికొస్తే అది విసిరాడు. చొక్కా, టోపీ, చివరికి నడుము పటకా. "వస్తున్నారా?" "వస్తున్నారు." "వస్తున్నారా?" "ఆ, వస్తున్నారు, వస్తున్నారు."

"ఎవరొస్తారయ్యా?" పోలమ్మ అరిచింది.

"ఎవరో ఒకరు రారా? పిల్లలు కాళ్ళు చాపుకుంటారు." అతను ఆమె మొహం కూడా చూడలేదు.

దూరంగా, గట్టు మీద, కొన్ని చుక్కలు కదిలాయి. తడి గోనెలు తల మీద కప్పుకున్న మనుషులు. ఒకరి వెనక ఒకరు, నడవడం కాదు, పడబోయి ఆగుతున్నట్టు. మధ్యలో ఒకామె ఇంకొకామెను భుజం మీద వేసుకుని లాక్కొస్తోంది. ఆ నడక పోలమ్మకు తెలుసు. కోపంలోనూ, ఆకలిలోనూ, కొడుకును కాటికి పంపిన రోజునా చూసిన నడక.

పోలమ్మ భద్రంనాయుడి వరుస ముందుకు వెళ్ళి నిలబడింది. నడవలో వేడి ఆమె కాళ్ళను కరిచింది.

"బావూ, ఉప్పుమళ్ళోళ్ళు వొచ్చెత్తన్నారు. అదిగో, కనపడతన్నారు. నీ తువ్వాళ్ళు తీసీ బావూ."

"మావోళ్ళొస్తే ఎక్కడ కూకుంతారు?"

"రారని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నియమం నువ్వు పెట్టినావా, నాను పెట్టినానా?" అతని గొంతు పెరిగింది గానీ కళ్ళు పక్కకు తిరిగాయి. "వరుసలో నన్నే కనిపెట్టినావేటి? అల్లక్కడ పెరుగు కూకుంది. దాన్ని అడుగు ముందు."

పోలమ్మ సత్యవేణమ్మ వైపు చూసింది. సత్యవేణమ్మ కుండ మీద చెయ్యి వేసి కిటికీ లేని గోడను చూస్తోంది. పోలమ్మ శాల అంతా కలియచూసింది. ఆమె చూపు తగిలిన చోటల్లా తలలు వంగాయి. ఒకామె బిడ్డ నోట్లో చనుమొన పెట్టింది. ఒకతను కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. ఎవరూ చెడ్డవాళ్ళలా లేరు. అదే ఆమెను భయపెట్టింది.

"చోట్లు నిండినవి," అంది తలుపరి, ఎప్పటిలాగే మెత్తగా. "బయట ఉన్నవారు దయచేసి వెనుకకు మరలండి."

పైన ఇనుపరేకు కదిలింది.

తన పీట కోడలికి ఇవ్వాలనుకుంది పోలమ్మ. ఆ ఆలోచనలోనే అది ఎంత పనికిరానిదో తెలిసింది. రేకు సగం దిగేలోపు వాళ్ళు గడప చేరలేరు. చేరినా నీలవేణి భుజం మీద ఉన్నామెను దించి రాదు. ఆ పిల్ల అలాంటిదే. దించి వచ్చే పిల్లయితే పొద్దున అంత కోపం వచ్చేది కాదు.

రేకు నెమ్మదిగా దిగుతోంది. వెలుతురు గడప దగ్గర సన్నబడుతోంది. ఆ వెలుతురులో గడప మీద పసుపు మెరిసింది. కుంకుమ బొట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

పోలమ్మ నడుము దగ్గర ముడి విప్పింది. గళ్ళ తువ్వాలును రెండు చేతులతో దులిపి, గడప మీద పరిచింది.

రేకు ఆగిపోయింది. ఆమె నడుమెత్తున, గాలిలో, గరగరమంటూ వణికింది. గడప పలక అంచున ఎన్నడూ వెలగని ఒక దీపం తెల్లగా మిణుకుమంది.

ఆ గరగరలో తలుపరి ఆలోచించడం పోలమ్మ మొదటిసారి విన్నది.

"వస్తున్నారా?" అంది గడప.

"వస్తున్నారు."

గడప దీపం పసుపైంది. వడగాలి రేకు కింద నుంచి లోపలికి దూరింది. పొయ్యి నోరు తెరిచినట్టు. మొదటి వరుసలో పిల్లలు ఏడుపు ఎత్తుకున్నారు. గొట్టాల ఊపిరి మందగించింది. అందరూ ఒక్కసారి లేచి అరిచారు.

"గడప మీద మైలగుడ్డ వేస్తావా! నీకు ఇంగితం ఉందా?" సత్యవేణమ్మ అరిచింది.

"తియ్యే! సచ్చిపోతాం!"

"కాపరివి నువ్వు, కాపరివి!"

భద్రంనాయుడు నడవలోకి దూకాడు. బొబ్బలెక్కుతున్న కాళ్ళతో గడప దాకా వచ్చి, వంగి, తువ్వాలు మీదికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గుడ్డకు జానెడు దూరంలో ఆగిపోయింది. పోలమ్మ అతన్ని ఆపలేదు. పక్కకు జరిగింది.

"తీసీ బావూ. నీ సెయ్యే గదా. కన్నయ్య మాస్టారి పక్కన గోడకి ఇంకా చోటుంది."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే తియ్యి పోలమ్మా," అన్నాడు, ఈసారి బతిమాలుతూ. "నీ సెయ్యేసిన గుడ్డ. నువ్వు తీస్తే తప్పు నేదు."

"తీత్తాను. ఆ వొచ్చీవోళ్ళు కూకున్నాక తీత్తాను. కూకోడానికి చోటు సూపించండి."

ఎవరూ కదల్లేదు. బయటి గాలి లోపలి గాలిని నములుతూ ఉంది. పీట మీద కుండలో నుంచి పుల్లని వాసన మొదలైంది. ఆ వాసన సత్యవేణమ్మకే ముందు తెలిసినట్టుంది. ఆమె ఉత్తరీయం తీసి మెడలో వేసుకుంది. కుండను ఒళ్ళోకి తీసుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు పొట్టకు హత్తుకుంది. పక్క పీట మీద తెల్లదీపం వెలిగింది.

"చూస్తారేం?" అంది ఎవరినీ చూడకుండా. "తియ్యండి."

ఇక అటొకటి ఇటొకటి తెల్లదీపాలు వెలిగాయి. పిల్లల తండ్రి నడుము పటకా తీసుకుని, ఏం చేయాలో తెలియక చేతికి చుట్టుకున్నాడు. భద్రంనాయుడు అందరికన్నా ఆలస్యంగా, ఒక్కొక్క తువ్వాలే మడతపెట్టుకుంటూ తీశాడు.

"మీ బావమరుదులో మరి?" అని వెనక నుంచి ఎవరో దెప్పారు.

"పెద్దోడు సచ్చిపోనాడు. సిన్నోడు మాటాడ్డు." భద్రంనాయుడు మడత మీద అరచెయ్యి ఒత్తాడు. "పక్కన పీట ఖాళీగా ఉంటే ఎవులో ఉన్నట్టుంటది నాకు. అంతే."

ఎవరూ నవ్వలేదు.

గోనెలు కప్పుకున్న మొదటి మనిషి రేకు కింద వంగి లోపల పడ్డాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. పెదవులు తెల్లగా ఉప్పు పట్టి ఉన్నాయి. ఆఖరున నీలవేణి. భుజం మీద ఉన్నామెను ముందు లోపలికి తోసి, తను గడప దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది. గడప మీద గుడ్డను చూసి, దాన్ని తొక్కకుండా దాటింది.

పోలమ్మ ఆమెను రెండు చంకల కింద పట్టుకుని దగ్గరి పీట మీదికి చేర్చింది. ఒళ్ళు కాలిన పెంకులా ఉంది. నోట్లో చెంబు వంచితే నీళ్ళు సగం గడ్డం మీద పోయాయి.

"బండిలో... చోటు నేదన్నారత్తా," అంది నీలవేణి. "మేస్త్రీ మంచాలు ఏసీసినాడు."

"సూసినాను. మాటాడకు."

"ఆ తువ్వాలు..."

"నువ్వే గదే ఏసి ఉంచమన్నావు."

నీలవేణి నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

వచ్చినవాళ్ళంతా కూర్చున్నారు. వెనక వరుసల్లో కొన్ని తెల్లదీపాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఇంతసేపూ ఇంత చోటు ఇక్కడే ఉందని చూసి కొందరు ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం ఎక్కువసేపు నిలవలేదు. లోపల గాలి సగం చచ్చిపోయింది. కప్పు మీద రేకులు టపటపమంటున్నాయి.

"ఇంక తియ్యి పోలమ్మా!" అన్నారు.

"మాట ఇచ్చినావు!"

ఇచ్చిన మాటే. పోలమ్మ గడప దగ్గర కూర్చుని తువ్వాలు కొస పట్టుకుంది. తీద్దామని వంగినప్పుడు రేకు కింద నుంచి బయటికి కనిపించింది.

రోడ్డుకు ఆ చివర ఇంకొక శాల ఉంది, పాత సినిమాహాలు. ఈపాటికి దాని రేకు పూర్తిగా దిగి ఉండాలి. అదీ నడుమెత్తున ఆగి వణుకుతోంది. దానికి అవతల, వంతెన కింద శాల రేకు కూడా అంతే. ఇక్కడ తెలిసింది అంతటా తెలుస్తుంది. గడప కూడా చోటే అని, ఆ చోటులోకి ఎవరో రావలసి ఉందని, ఊళ్ళో తలుపరులన్నీ ఒకేసారి నేర్చుకున్నాయి.

గోడల వారన, బావి గట్ల కింద, తుప్పుపట్టిన లారీ డొక్కుల నీడలో, ఇన్నాళ్ళూ ఎవరూ చూడని చోట్ల నుంచి మనుషులు లేస్తున్నారు. రోజూ రేకు దిగాక బయట మిగిలిపోయేవాళ్ళు. ఇంతమంది మిగిలిపోతున్నారని పోలమ్మకు తెలియదు. సాయంత్రాలు ఆమె గోడ వైపు చూడదు కదా. సగం తెరిచి ఉన్న చీకటి నోళ్ళను చూసి, నమ్మకం లేనట్టు, పాకుతూ, పడుతూ, వాటి వైపు కదులుతున్నారు. కొందరు ఇటు వస్తున్నారు. వాళ్ళందరికీ ఈ శాలలో చోటు చాలదు. రేకు ఇలాగే ఉంటే ఉన్నవాళ్ళకు గాలి చాలదు. ఆ రెండూ ఆమెకు ఒక్కసారే అర్థమయ్యాయి.

వెనక నీలవేణి దగ్గుతోంది. ఒక్క లాగు లాగితే చాలు. రేకు దిగుతుంది. కోడలు బతుకుతుంది. అంతకన్నా ఆమె పొద్దున కోరుకున్నది ఏమీ లేదు.

"వస్తున్నారా?" అంది గడప.

పోలమ్మ తువ్వాలు కొస వదిలేసింది. ముడత పడిన చోట అరచేత్తో సాపు చేసింది.

"వస్తున్నారు."

వెనక అరుపులు, పరుగులు. ఎవరో ఆమె జబ్బ పట్టుకుని లాగారు. గాజుల చెయ్యో, మగ చెయ్యో ఆమె చూడలేదు. వెనక్కి పడబోతుంటే పక్కన తడి గోనె వాసన వచ్చింది. నీలవేణి. పీట దిగి, నడవలో మోకాళ్ళ మీద పాకుతూ వచ్చింది. తల మీద నుంచి గోనె తీసి, గళ్ళ తువ్వాలు పక్కన గడప మీద పరిచింది. దాని మీద చెయ్యి పెట్టి, అలాగే ఒరిగిపోయి, అత్త భుజానికి తల ఆనించింది. ఇప్పుడు అత్త చేత్తోనే బలవంతంగా ఆ తువ్వాలు తీయించినా ఆ గడప ఖాళీ కాదు.

"వస్తున్నారా?" అంది గడప, కొత్త గుడ్డను.

నీలవేణి పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. గొంతు వినపడకపోతే దీపం వెలగదు. రేకు పైన ఎక్కడో ఇనుము కిర్రుమంది.

"వస్తున్నారు," అని లోపల నుంచి ఎవరో ఆమె బదులు జవాబు చెప్పారు.

పోలమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డు వైపే చూస్తూ ఉంది. అందరికన్నా ముందు వస్తున్నవాడు పడిపోయి, మళ్ళీ లేస్తున్నాడు.